కడుపుతో ఉంటే కడుపు కదలదు

మా హార్బరు వీధిలో కడుపుతో ఉన్న అమ్మాయి కనిపిస్తే చాలు, ప్రశ్నలు వరసకడతాయి. ఎన్నో నెల? వేవిళ్ళు తగ్గాయా? ఏటి తినాలనుంది? బిడ్డ తన్నుతోందా? స్కానింగ్‌లో డాక్టరమ్మ ఏమంది? నాకిప్పుడు ఏడో నెల. ఈ ప్రశ్నలకి ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు. కానీ ‘అమ్మా, మోషన్ సరిగ్గా అవుతోందా?’ అని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

వాళ్ళు అడగరు, మనం చెప్పం. ‘మలబద్ధకం’ అనే మాట మందుల ప్రకటనలకి పరిమితం. ఇంట్లో అనాల్సొస్తే ‘మోషన్’ అని ఇంగ్లీషు ముసుగేసి, గొంతు తగ్గించి అంటాం. డాక్టరు దగ్గర కూడా బీపీ, బరువు, కాళ్ళ వాపు అన్నీ అయిపోయి, లేచి తలుపు దాకా వెళ్ళాక ‘ఇంకొకటి మేడమ్...’ అని మొదలెడతాం. అప్పటికి తరవాతి నంబరు లోపలికి వచ్చేస్తుంది.

అందుకే ఈ వారం దాని గురించే. భోజనం చేస్తూ చదివే అలవాటున్నవాళ్ళు ముందు చెయ్యి కడుక్కుని రండి.

ఈ శీర్షిక మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి నా సంగతి తెలుసు. ఉక్కునగరం క్వార్టర్సులో పెరిగి, ఇంజినీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడి, పెళ్ళయ్యాక ఫిషింగ్ హార్బర్ పక్కనున్న అత్తారింటికి వచ్చినదాన్ని. మేడ మీద నా లాప్‌టాప్, కింద మా అత్తయ్య చేపల గంపలు. కాబట్టి ఒకే సమస్యని రెండు వైపుల నుంచీ చూసే అవకాశం దొరికింది. కుర్చీలో తొమ్మిది గంటలు కూర్చునే కడుపు ఒకటి, ఎండలో గంప ముందు తొమ్మిది గంటలు కూర్చునే కడుపు ఇంకొకటి.

అసలు ఎందుకు ఆగుతుంది?

ముందు ఒక ధైర్యం. ఇది మీ ఒక్కరికే వచ్చిన జబ్బు కాదు. గర్భిణుల్లో నూటికి 11 నుంచి 38 మందికి ఈ బాధ ఉంటుందని వైద్యుల అంచనా. వారానికి మూడుసార్ల కంటే తక్కువ అవ్వడం, గట్టిగా అవ్వడం, ముక్కాల్సి రావడం, వెళ్ళొచ్చినా ఇంకా మిగిలిపోయినట్టు ఉండడం - వీటిలో ఏది ఉన్నా మలబద్ధకం కిందే లెక్క. రోజూ అవుతున్నా మేకపెంటికల్లా గట్టిగా, ముక్కితే గానీ రాకపోతే అదీ ఇదే. 1997లో బ్రిస్టల్ నగరపు డాక్టర్లు మలం రూపాన్ని ఏడు రకాలుగా విడదీసి ఒక పట్టిక ప్రచురించారు. అందులో మేకపెంటికలది ఒకటో నంబరు. అరటిపండులా నున్నగా, మెత్తగా ఉండేది నాలుగో నంబరు. మనకి కావలసింది మూడు, నాలుగు.

మూలం ప్రొజెస్టరాన్ అనే హార్మోను. గర్భం నిలిచిన దగ్గర్నుంచీ ఇది పెరుగుతుంది. దాని పనల్లా గర్భాశయ కండరం ముందే బిగుసుకుని బిడ్డని తోసెయ్యకుండా దాన్ని వదులుగా ఉంచడం. పేగుల గోడల్లో ఉన్నదీ అదే జాతి కండరం. గర్భాశయానికి ‘నెమ్మదించు’ అని చెప్పిన మాట పేగులకీ వినిపిస్తుంది. అవీ నెమ్మదిస్తాయి.

నెమ్మదిస్తే ఏమవుతుంది? మామూలు రోజుల్లో చిన్నపేగు నుంచి పెద్దపేగులోకి దాదాపు లీటరున్నర ద్రవం వస్తుంది. పెద్దపేగు అందులో చాలా భాగం పీల్చుకుని, వంద రెండు వందల మిల్లీలీటర్లు మాత్రమే మలంలో వదులుతుంది. సరుకు ఎంత ఎక్కువసేపు అక్కడ ఆగితే అంత ఎక్కువ నీరు పోతుంది. పొద్దున ఎండలో వేసిన నెత్తళ్ళు సాయంత్రానికి ఎలా అవుతాయో మా వీధిలో చిన్నపిల్లలకీ తెలుసు. పేగులో జరిగేదీ అలాంటిదే.

ఆరో నెల దాటాక ఇంకో ఇబ్బంది. పెరిగిన గర్భాశయం కింద ఉన్న పేగుని నొక్కుతుంది. దానికి తోడు వేవిళ్ళలో నీళ్ళు సరిగ్గా తాగం, నడక తగ్గిస్తాం, ‘జాగ్రత్త, కూర్చో’ అని ఇంట్లో అందరూ కూర్చోబెడతారు. వీటన్నిటి మీద ఐరన్ మాత్ర.

నేను ఈ శీర్షిక రాయడానికి అసలు కారణం ఆ మాత్రే.

డబ్బాలో దాగిన మాత్రలు

మా తోటికోడలికి అయిదో నెల. కింద వాటాలో ఉంటుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. గర్భిణికి 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. 7 నుంచి 9.9 మధ్య ఉంటే మధ్యస్థం, 7 కంటే తగ్గితే తీవ్రం. ఆమెకి రోజుకి రెండు ఐరన్ మాత్రలు రాశారు. నెల తిరిగేసరికి మళ్ళీ పరీక్ష చేస్తే అంకె కదల్లేదు. ఆశా కార్యకర్త వచ్చి ‘వేసుకుంటున్నావా?’ అంటే ‘ఆఁ, రోజూ’ అంది. ఖాళీ షీట్లు కూడా చూపించింది.

ఆ రాత్రి మేడ మీదకి వచ్చి నాకు చెప్పింది. ‘అక్కా, మాత్రలు తీసి పప్పుల డబ్బాలో వేస్తున్నా. రెండు మొదలెట్టినకాడ్నుంచి నాలుగు రోజులకోసారి అవుతోంది. రక్తం కూడా పడింది. ఎవరికి చెప్పను?’

ఆమె మొండిదీ కాదు, తెలియనిదీ కాదు. ఇంటర్ చదివింది. ఐరన్ ఎందుకో తెలుసు. కానీ పొద్దున్నే బాత్రూమ్‌లో అరగంట కన్నీళ్ళు పెట్టుకునే మనిషికి, కనపడని హిమోగ్లోబిన్ కంటే కనపడే నొప్పే పెద్దది. ఎవరూ ఆ నొప్పి గురించి అడగలేదు కాబట్టి తనకి తోచిన మందు తనే వేసుకుంది. మాత్ర మానేసింది.

ఇది ఒక్క ఇంటి కథ అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే చెకప్ కోసం బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి. ప్రభుత్వం 2018లో ‘అనీమియా ముక్త్ భారత్’ మొదలుపెట్టి, నాలుగో నెల నుంచి రోజుకొక మాత్ర చొప్పున కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఉచితంగా ఇస్తోంది. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. రక్తం తక్కువున్నవాళ్ళకి రోజుకి రెండు. మాత్ర ఇంటిదాకా వస్తోంది. నోటిదాకా రావడంలోనే చిక్కు.

రక్తం తక్కువున్న తల్లికి నెలలు నిండకుండా కాన్పు అవ్వచ్చు, బిడ్డ బరువు తగ్గచ్చు. కాన్పులో రక్తం పోతే మామూలు మనిషి తట్టుకునేదాన్ని ఈమె తట్టుకోలేదు. అందుకని మలబద్ధకం చిన్న విషయం కాదు. అది మాత్ర మాన్పిస్తుంది. మాత్ర మానితే అసలు ప్రమాదం మొదలవుతుంది.

మాత్ర మానక్కర్లేదు, వేళ మార్చచ్చు

తొమ్మిదో తారీఖున ఇద్దరం సర్కారు ఆసుపత్రికి వెళ్ళాం. 2016 నుంచి ప్రతి నెలా 9న ‘ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్’ కింద, నాలుగో నెల దాటిన గర్భిణులకి ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టరే స్వయంగా చూస్తారు, ఉచితంగా. ఈసారి కూర్చోగానే మొదటి మాటే అది చెప్పమన్నాను. చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు. ‘ముందే చెప్పాల్సింది కదమ్మా’ అని ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావో చెప్పమంది.

రెండు ఐరన్, రెండు క్యాల్షియం, అన్నీ కలిపి పొద్దున్న టీతో! నాలుగూ ఒకేసారి వేసేసుకుంటే గొడవ వదిలిపోతుందని. కానీ క్యాల్షియం, టీ రెండూ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. పట్టని ఐరన్ అంతా పెద్దపేగులోకి దిగి అక్కడ చిరాకు పెడుతుంది, మలాన్ని గట్టిపరుస్తుంది, నల్లబరుస్తుంది. అంటే రక్తానికి లాభం లేదు, కడుపుకి నష్టం.

కొత్త పట్టిక ఇలా రాసిచ్చింది. ఉదయం టిఫిన్‌తో ఒక క్యాల్షియం. మధ్యాహ్నం భోజనమయ్యాక గంటకి ఒక ఐరన్, నిమ్మరసం కలిపిన నీళ్ళతో. సాయంత్రం ఇంకో క్యాల్షియం. రాత్రి భోజనమయ్యాక గంటకి రెండో ఐరన్. ఐరన్‌కీ క్యాల్షియానికీ, ఐరన్‌కీ పాలకీ కనీసం రెండు గంటల ఎడం. టీ, కాఫీ ఐరన్‌కి గంట అటూ ఇటూ వద్దు. నిమ్మలోని సి విటమిన్ ఐరన్ పట్టడానికి సాయం చేస్తుంది. కొన్నాళ్ళు పడుకునేముందు లాక్టులోజ్ సిరప్ కూడా ఇచ్చింది. అది రక్తంలోకి దాదాపు వెళ్ళదు, పేగులోనే ఉండి నీటిని పట్టి ఉంచుతుంది. గర్భిణులకి తరచూ రాసే మందు.

మాత్రలు పడనివాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది. రక్తం బాగా తక్కువుండి, నెలలు మీదపడి, మాత్ర అస్సలు తట్టుకోలేకపోతే ఐరన్‌ని సెలైన్‌లో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అది డాక్టరు తేల్చాల్సిన సంగతి. కానీ మీరు ‘వేసుకుంటున్నా’ అని అబద్ధం చెబితే ఆ దారి డాక్టరుకి కనపడదు. మాత్ర పనిచెయ్యలేదనుకుని వేరే కారణాలు వెతుకుతారు. మా వృత్తిలో చెప్పాలంటే, లాగ్ తప్పైతే బగ్ ఎప్పటికీ దొరకదు.

ఒక మాట. ఐరన్ మొదలెట్టాక మలం నల్లగా అవ్వడం మామూలే. దానికి భయపడి ఆపొద్దు. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం డాక్టరుకి చెప్పాలి.

నీళ్ళు తాగితే ఎక్కడికెళ్తాం?

‘నీళ్ళు ఎక్కువ తాగండి’ అని చెప్పడం తేలిక. ఆ మాట మా అత్తయ్యతో అంటే నవ్వింది. తెల్లారకముందే బోట్లొచ్చే వేళకి జెట్టీ మీద ఉండాలి. పాటలో సరుకు పాడుకోవాలి. గంపకెత్తించుకుని ఆటో పట్టుకుని, పూర్ణా మార్కెట్టుకో, వీధులమ్మటో వెళ్ళాలి. అమ్ముడయ్యేదాకా కదలడానికి లేదు. ‘కడుపుతో ఉన్నప్పుడూ అంతేనమ్మా. నీళ్ళు తాగితే ఎక్కడికెళ్తాం? అందుకే గొంతు తడుపుకోడమే’ అంది. ఇద్దరు పిల్లల్నీ అలాగే మోసిందట.

దాహం వేసినా తాగకపోవడం, వచ్చినా ఆపుకోవడం. ఈ రెండూ మలబద్ధకానికి సొంత అన్నదమ్ములు. ఆపుకున్న ప్రతిసారీ పేగు ఇచ్చే పిలుపు మెల్లగా బలహీనపడుతుంది, లోపలున్నది ఇంకా ఎండుతుంది. మూత్రం ఆపుకుంటే గర్భిణులకి ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

నా వైపు చూస్తే నేనేమీ గొప్పగా లేను. మంచి బాత్రూమ్ పది అడుగుల దూరంలో ఉంది. కానీ కాల్ మీద కాల్, మధ్యలో లేవడానికి మొహమాటం. ‘ఇది అయ్యాక వెళ్దాం’ అనుకుంటే ఇంకోటి మొదలవుతుంది. ఇద్దరి ఇబ్బందీ ఒకటి కాదని నాకు తెలుసు. నాది మొహమాటం, ఆమెది బతుకు. కానీ పేగుకి ఆ తేడా తెలీదు.

రోజుకి ఎనిమిది నుంచి పది గ్లాసులు, అంటే రెండు రెండున్నర లీటర్లు, ఈ ఎండల్లో ఇంకాస్త ఎక్కువ. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరు చెప్పినంతే తాగాలి. బయట తిరిగేవాళ్ళకి అత్తయ్యా నేనూ కలిసి ఆలోచించిన లెక్క ఇది: నిద్రలేవగానే రెండు గ్లాసులు, బయల్దేరడానికి గంట ముందు అంబలి, తెలిసిన ఇల్లో దుకాణమో ఉన్న వీధికి చేరే వేళకి ఒక సీసా, ఇంటికొచ్చాక మిగతాది. ఆ దారిలో ‘ఒకసారి వెళ్ళొస్తానమ్మా’ అని అడగగలిగే గడప ఒకటి చూసిపెట్టుకోవాలి. చదువుతున్న మీలో ఎవరి గుమ్మం ముందైనా గంప దించి, కడుపుతో ఉన్న మనిషి కూర్చుంటే, చేప బేరంతో పాటు ఆ మాట కూడా మీరే ముందు అడగండి. ఆమె అడగదు.

చేపలో లేనిది

హార్బరు పక్కనున్నవాళ్ళకి తిండి లోటేముంది, చేపలున్నాయి కదా అంటారు. నిజమే, గర్భిణికి చేప మంచిదే. ప్రొటీన్ ఉంది, మంచి కొవ్వు ఉంది. కానీ పీచు సున్నా. గుడ్డులోనూ, పాలలోనూ, మాంసంలోనూ అంతే. పీచు మొక్క నుంచే రావాలి. తెల్లన్నం, కానాగంతల పులుసు, మళ్ళీ తెల్లన్నం, ఎండుచేప వేపుడు. నోటికి స్వర్గం, పేగుకి పని లేదు.

పైగా ఇప్పుడు వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కదలవు. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి సముద్రానికి ఇది విశ్రాంతి. ఇంటికి మాత్రం చేతిలో డబ్బాడని కాలం. అప్పుడు మొదట ఆగిపోయేవి పళ్ళూ కూరగాయలూ. అన్నం ఆగదు, పచ్చడి ఆగదు. ఎండలు ముదిరి నీరు ఎక్కువ కావలసిన రెండు నెలల్లోనే పీచు తగ్గిపోతుంది. మా వీధిలో గర్భిణులకి ఈ రెండు నెలలే కష్టం.

అందుకే ఖరీదైన జాబితా ఇవ్వను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం పాలిష్ పట్టిన వంద గ్రాముల బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపే. అదే వంద గ్రాముల చోళ్ళలో, అంటే రాగుల్లో, పదకొండు గ్రాముల పైన. తెల్ల జామకాయలో ఎనిమిది గ్రాముల పైన. మనకి రోజుకి కావలసింది పాతిక ముప్పై గ్రాములు.

కాబట్టి పొద్దున్నే చోడి అంబలి. మా అత్తయ్య చిన్నప్పుడు రోజూ తాగిన తిండే, మధ్యలో ఇడ్లీ వచ్చి పక్కకి నెట్టింది. అంగన్‌వాడీలో ఇచ్చిన రాగిపిండి ఇంట్లో మూలనపడి ఉంటే దింపండి. మధ్యాహ్నం అన్నంలో తోటకూరో, బచ్చలో, చిక్కుడో, ఆనపకాయ పప్పో ఒక గిన్నెడు. చేప పులుసు మానక్కర్లేదు, పక్కన కూర ఉంటే చాలు. సాయంత్రం జామకాయ దొరికితే జామ, లేకపోతే బాగా పండిన అరటిపండు, ఉడకబెట్టిన శనగలో అలసందలో గుప్పెడు. ఒక్కసారిగా పెంచితే గ్యాసు పట్టేస్తుంది. వారం పదిరోజుల్లో కొద్దికొద్దిగా పెంచాలి. పీచు పెంచి నీళ్ళు పెంచకపోతే ఇంకా బిగుసుకుంటుంది. రెండూ జోడు.

బొప్పాయి సంగతి అందరూ అడుగుతారు. పచ్చి బొప్పాయిలో పాలుంటాయి, అది వద్దు. బాగా పండినది కొద్దిగా తింటే ప్రమాదమేమీ లేదని డాక్టర్లు అంటారు. కానీ దాని కోసం ఇంట్లో పెద్దవాళ్ళతో యుద్ధం అవసరం లేదు, జామ ఉంది.

వేళ, పీట, వంతు

టిఫిన్ కడుపులో పడగానే పెద్దపేగు ఒకసారి కదులుతుంది. తిన్న ఇరవై ముప్పై నిమిషాల్లో వెళ్ళి కూర్చోవడం అలవాటు చేసుకుంటే ఆ కదలికే సగం పని చేస్తుంది. పది నిమిషాలు చాలు. ఫోను బయట పెట్టండి. ముక్కొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. రాకపోతే లేచి వచ్చెయ్యండి.

నేలమట్టం బేసిన్ అయితే గొంతుక్కూర్చునే భంగిమ పేగుకి మంచిదే. నెలలు నిండేకొద్దీ తూలకుండా పక్కన పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. వెస్ట్రన్ కమోడ్ అయితే పాదాల కింద జానెడెత్తు పీట వేసుకుని కొద్దిగా ముందుకి వంగండి. మోకాళ్ళు నడుం కంటే పైకి వస్తే లోపలి దారి తిన్నగా అవుతుంది. నా పీట మా మావయ్య పాత బోటు చెక్కతో చేసిచ్చారు. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. అత్తయ్య చెప్పే ఉంటుంది.

డాక్టరు విశ్రాంతి చెప్పని గర్భిణులకి రోజుకి అరగంట నడక. కూర్చుని పనిచేసేవాళ్ళు గంటకోసారి లేచి అయిదు నిమిషాలు.

ఇక అసలు చిక్కు. మా ఇంట్లో ఏడుగురికి కింద ఒకటే బాత్రూమ్, పైన ఇంకొకటి. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిది దాకా కింద వరస. మగవాళ్ళు, బడికెళ్ళే పిల్లలు, ఆఖరికి కోడలు. పేగు పిలిచినప్పుడు తలుపు మూసి ఉంటుంది, తలుపు తెరిచేసరికి పేగు ఊరుకుంటుంది. దీనికి ఏ మందూ లేదు, వరస మార్చడం తప్ప. ఇప్పుడు కింద ఏడుంపావు నుంచి ఏడున్నర వరకూ మా తోటికోడలిది. ఎవరున్నా బయటికి రావాల్సిందే. మా మరిది మొదట్లో గొణిగాడు, ఇప్పుడు తనే మిగతావాళ్ళని తరుముతున్నాడు. పైసా ఖర్చు లేని వైద్యం. ఇరుకిళ్ళల్లో ఉన్నవాళ్ళందరూ చేసి చూడండి.

ఇవి మాత్రం వద్దు

ఆముదం. ‘ఓ చెంచా పట్టు, అదే పోతుంది’ అనే పెద్దలు ప్రతి వీధిలో ఉంటారు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగు కండరంతో పాటు గర్భాశయ కండరాన్నీ కదిలిస్తుందని 2012లో జర్మనీ పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. నొప్పులు రావాలని పాతకాలంలో పట్టించింది కూడా ఇదే. నెలలు నిండని కడుపుకి అది పట్టించకూడదు.

సునాముఖి, రకరకాల విరేచనం పొడులు మీ అంతట మీరు తీసుకోవద్దు. లిక్విడ్ పారాఫిన్ ఉన్న సిరప్‌లు కూడా. అవి కొవ్వులో కరిగే విటమిన్లని ఒంటికి పట్టనివ్వకుండా చేస్తాయి. ఇంట్లో ఎనిమా ఊసే వద్దు. ఇసబ్‌గోల్ ఫరవాలేదు. అది మందు కంటే పీచుకే దగ్గర. కానీ డాక్టరుని అడిగి, నిండు గ్లాసు నీళ్ళల్లో కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు తాగాలి. ఐరన్‌కీ దానికీ రెండు గంటలు ఎడం ఉంచాలి.

మొలలు వస్తే సిగ్గుపడి దాచుకోకండి. గర్భంలో రక్తనాళాలు వదులై, పైన బరువు పడి, ముక్కితే వస్తాయి. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతాయి. ఈలోగా గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే ఉపశమనం. డాక్టరు పూత మందు ఇస్తారు. రక్తం పడితే అది మొలలదేనని మీరే తేల్చెయ్యకండి, చూపించండి.

ఆలస్యం చెయ్యకుండా వెళ్ళాల్సిన సందర్భాలు: కడుపులో విపరీతమైన నొప్పి, వాంతులు, గ్యాసు కూడా పోకపోవడం, జ్వరం, మలంలో ఎక్కువ రక్తం, యోని నుంచి రక్తం లేదా నీరు రావడం, బిడ్డ కదలిక తగ్గడం. నెలలు నిండకుండా పొట్ట ఆగి ఆగి రాయిలా బిగుస్తుంటే ‘మోషన్ రాక నొప్పిలే’ అనుకోవద్దు. అవి పురిటినొప్పులు కావచ్చు. మా ప్రాంతంవాళ్ళకి వన్‌టౌన్‌లో ఘోషా ఆసుపత్రి, పైన కేజీహెచ్ ఉన్నాయి. బండి లేకపోతే 108.

మా తోటికోడలి సంగతి చెప్పి ముగిస్తా. పట్టిక మార్చి నెలయ్యింది. మొన్నటి పరీక్షలో 9.8 వచ్చింది. 11కి ఇంకా దూరం ఉంది, రోజుకి రెండు మాత్రలు ఇంకా నడుస్తున్నాయి. రెండ్రోజులకోసారైనా ఏడుపు లేకుండా అవుతోందట. పప్పుల డబ్బాలో ఇప్పుడు పప్పులే ఉన్నాయి. మీ ఇంట్లో, మీ వీధిలో ఐరన్ మాత్రలు అందుకున్న అమ్మాయి ఉంటే ‘వేసుకుంటున్నావా?’ అని అడిగి ఊరుకోకండి. వేసుకుంటే కడుపు ఎలా ఉంటోందో కూడా అడగండి.